ఏడు జానల బ్రాశ్

అందరికీ నచ్చిన బొమ్మని, దాన్ని చేసిన చెయ్యే పగలగొట్టడం న్యాయమేనా? ఎర్మెలిందాని తలచుకున్నప్పుడల్లా ఆలోచన ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. న్యాయమే అనిపించిన రోజులున్నాయి. అది ఆవిడ ఒక్కదాని సొత్తా, ఊరిది కూడా కదా అనిపించిన రోజులూ ఉన్నాయి. నలభై ఏళ్ళు దాటినా తేలలేదు. తేలకపోయినా జరిగింది జరిగినట్టు చెప్పొచ్చు.

పోర్చుగల్ దక్షిణాన అలెంటేజు సీమలోని ఆ ఊళ్ళో మట్టి పనివాళ్ళ ఇళ్ళు చాలానే ఉండేవి గాని, మనిషి బొమ్మలు చేసే ఇల్లు ఎర్మెలిందా వాళ్ళదొక్కటే. బట్టీ వేడి తగిలే గోడకి ఆనించి వేసిన మంచం మీద పుట్టింది ఎర్మెలిందా. ఆ ఇంట్లో పని ఆడవాళ్ళ చేతిది, నిప్పు మగవాళ్ళ చేతిది. తల్లి బొమ్మలు చేసేది, తండ్రి కాల్చేవాడు. వాళ్ళ తరవాత ఎర్మెలిందా చేసేది, అన్న కుస్తోదియు కాల్చేవాడు.

పలక, ఉండ, చుట్ట. ఈ మూడూ వస్తే లోకంలో ఉన్నదంతా వచ్చినట్టేనని తల్లి లెక్క. ఉండ తల అవుతుంది. చుట్టలు కాళ్ళూ చేతులూ. పలకని పల్చగా ఒత్తి బట్టలు కత్తిరించాలి. ముందు నూలుపోగు లేని మనిషిని చేసి, ఆ మనిషికి మట్టితోనే లంగా, రవిక, శాలువా ఒకదాని మీద ఒకటి తొడగాలి. జానెడు బొమ్మకైనా అంతే. తొమ్మిదో ఏట పనిలో కూర్చోబెట్టి, రెండేళ్ళపాటు పిల్ల చేత పాదాలు తప్ప ఇంకేమీ చేయించలేదు తల్లి.

"లంగా కింద పాదాలు ఎవరు చూస్తారే అమ్మా?" అని ఒకనాడు విసుక్కుంది పిల్ల.

"పాదాలు చూడరు. పాదాలు లేనిదాని మీద లంగా వేరేగా వేలాడుతుంది. అది చూస్తారు."

ఆ మాట ఎర్మెలిందా ఒంట్లో ఇంకిపోయింది. పెద్దదయ్యాక తన బొమ్మ తనే చేయించుకుంటానని ఎవరైనా వస్తే (మంత్రసాని వచ్చింది, రొట్టెల బట్టీ ఆయన వచ్చాడు) కూర్చోమనేది కాదు. ముఖం వైపు చూసేదీ కాదు. "ఆ వాకిట్లో బావి దాకా వెళ్ళి రండి," అనేది. వెళ్ళొచ్చాక, "పాత జోళ్ళు ఒక జత పంపండి," అనేది. జోళ్ళు తిరగేసి మడమ ఎటు అరిగిందో, బొటనవేలు ఎక్కడ తోసిందో గంటసేపు చూసేది. మనుషులు ముఖాన్ని అద్దంలో చూసి దిద్దుకుంటారు గాని జోడు అరుగుదలని దిద్దుకోలేరని ఆవిడ నమ్మకం. ముఖం ఆఖరి రోజు పెట్టేది, అదీ ఒక్క పూటలో. ఒంట్లో అంతా చెప్పేశాక ముఖానికి చెప్పడానికి పెద్దగా మిగలదనేది.

శనివారం సంతలో ఆవిడ బొమ్మల్ని వీపులు జనం వైపు పెట్టి వరసగా నిలబెట్టేది. పోతూపోతూ ఎవరో ఒకరు ఆగేవాళ్ళు. "అది మన మంత్రసాని కాదూ?" వీపు చూసి పోల్చుకున్న ఆ ఒక్క మాట కోసం ఎర్మెలిందా పొద్దుటి నుంచి అక్కడ నిలబడి ఉండేది. అమ్ముడైనప్పుడు కూడా ముఖంలో అంత వెలుగు ఉండేది కాదు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరం చలికాలంలో పాటల సంఘం పెద్ద సెవెరీను మట్టి కొట్టుకి వచ్చాడు. వచ్చే సెప్టెంబరులో సంఘానికి ముప్ఫై ఏళ్ళు నిండుతాయి. సంఘం గుమ్మం పక్కన ఒక బొమ్మ నిలబెట్టాలి.

"ఎవరి బొమ్మ?" అంది ఎర్మెలిందా.

"మన బ్రాశ్‌ది. జానెడు బొమ్మ కాదు మేస్త్రమ్మా, నిలువెత్తుది."

మూల కూర్చుని పొదకట్టెలు కట్ట కడుతున్న కుస్తోదియు నవ్వాడు. "ఎవరి నిలువు? వాడి నిలువైతే మట్టి కలిసొస్తుంది."

బ్రాశ్ ఏడు జానల మనిషి. ఊళ్ళో పదమూడేళ్ళ కుర్రాళ్ళు అతని కన్నా ఎత్తు. వేసవిలో సీసా బిరడాలు చేసే చెట్ల బెరడు ఒలిచేవాళ్ళతో పోయేవాడు, మిగతా రోజుల్లో ఆలివ్ తోటల్లో. కాని సంఘంలో అతను లేకపోతే పాట లేదు. వాళ్ళు వరసకి ఏడుగురు చొప్పున, చేతిలో చెయ్యి గుచ్చి, అడుగులో అడుగు వేస్తూ పాడుతూ నడుస్తారు. ముందు ఒకరు బొంగురు గొంతుతో ఎత్తుకుంటారు. అది సగంలో ఉండగా పైనుంచి ఒక్క గొంతు అందుకుంటుంది. ఆ తరవాతే అందరూ. ఆ పై గొంతు ముప్ఫై ఏళ్ళుగా బ్రాశ్‌ది. మొదటి వరస నడిమధ్యన అతను నడుస్తుంటే అటూ ఇటూ ఉన్న పొడుగువాళ్ళు మోచేతులు దించుకోవాల్సొచ్చేది. దూరం నుంచి చూస్తే ఆ వరస మధ్యలో ఒక పల్లంలా ఉండేది.

మర్నాడు బ్రాశ్ పాత బూట్లు చంకలో పెట్టుకుని తనే వచ్చాడు. బావి దాకా నడిచాడు, తిరిగొచ్చాడు. వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి బ్రాశ్ బాబాయ్?"

"ఒక్కటే మాట మేస్త్రమ్మా. నన్ను పొడుగు చెయ్యకు."

"ఎందుకు చేస్తాను?"

"చెయ్యమని చెప్పేవాళ్ళుంటారు. మా ఇంట్లోనే ఉంది ఒకావిడ. నేను ఆ పొడుగోళ్ళ మధ్య ముప్ఫై ఏళ్ళు నడిచాను. వాళ్ళే మోచేతులు దించుకున్నారు గాని నేను మునివేళ్ళ మీద లేవలేదు. చూసేవాళ్ళకి అది తెలియాలి."

"ఏడు జానలంటే ఏడే. వేలెడు ఎక్కువుండదు. నా మాట," అంది ఎర్మెలిందా.

ఆవిడ మాట ఇవ్వడం అరుదు. ఇచ్చిందని కుస్తోదియు కూడా విన్నాడు.

మట్టి ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది. వాళ్ళ మట్టికి పదో వంతు పోయేది. ఆ పదో వంతుని ఇంట్లో మట్టి వాటా అనేవాళ్ళు. గోడకి రెండు కొలకర్రలు ఆనించి ఉండేవి. ఒకటి బజారు కర్ర, లోకానికి జాన ఎంతో అంత. రెండోది మట్టి కర్ర. దాని మీద ఒక్కో జాన పదో వంతు సాగదీసి గీసి ఉంటుంది. మనిషిని బజారు కర్రతో కొలిచి, బొమ్మని మట్టి కర్రతో కొలిస్తే, బట్టీలోంచి వచ్చాక రెండూ సరిపోతాయి. తాతల నాటి ఏర్పాటు.

బ్రాశ్‌ని కొలిచింది కుస్తోదియు. కొలిచి కొట్టులోని స్తంభం మీద బొగ్గుతో గీత గీశాడు. ఎర్మెలిందా పని మొదలుపెట్టింది.

ముందు పాదాలు. అరిగిన బూట్లు పక్కన పెట్టుకుని, ఎడమ మడమ బయటికి ఒరిగినట్టు, కుడికాలి మీద బరువు ఆగినట్టు చేసింది. పాదాల మీద మట్టి చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి, లోపలి వైపు వేళ్ళతో నొక్కుకుంటూ, డొల్లగా పైకి లేపింది. రోజుకి జానెడుకి మించి ఎప్పుడూ లేపలేదు. కింది మట్టి పై మట్టిని మోసేంత బిగుసుకోవాలి. కాదని తొందరపడితే మోకాళ్ళ దగ్గర కూలబడిపోతుంది. చూడ్డానికి వచ్చిన సంఘం వాళ్ళలో ఒకడు, లోపల ఒక కర్ర పాతితే సరిపోయేది కదా అన్నాడు.

"కర్ర పెడితే మట్టి కుంచించుకున్నప్పుడు కర్ర కుంచించుకోదు. పగుల్తుంది," అంది ఆవిడ. "అయినా కర్ర పెడితే నిలబెట్టినట్టు. బొమ్మ తనంతట తనే నిలబడాలి," అంది.

నడుం దాకా వచ్చాక తీగతో అడ్డంగా కోసి రెండు ముక్కలు చేసింది. అంత బొమ్మ ఒక్కసారిగా బట్టీలో పట్టదు. అతుకు కనపడకుండా నడుం పట్టీ మడత దాని మీదికి వచ్చేలా పలక చుట్టింది. పై సగాన్ని వేరే బల్ల మీద లేపింది. చొక్కా, కోటు తొడిగింది. ఆఖరి రోజు పొద్దున ముఖం పెట్టింది. నోరు పూర్తిగా తెరుచుకోలేదు. పై గొంతు అందుకోబోయే ముందరి క్షణం అది. కుస్తోదియు చూసి టోపీ తీసేశాడు.

పచ్చి బొమ్మ ఎప్పుడూ మనిషి కన్నా పెద్దదిగానే ఉంటుంది. పైగా అది రెండు ముక్కలుగా రెండు బల్లల మీద ఉంది. చేసేదంతా జానెడు బొమ్మలైన కళ్ళకి ఈ పెద్దదనం కొత్త. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. జులైలో కాల్చారు. ఒక్క పగులు లేదు. రెండు సగాలూ అతికించి వాకిట్లో నిలబెట్టి, సంఘానికి కబురు చేశారు.

ఇరవై మంది దాకా వచ్చారు. బొమ్మని కింది నుంచి పైదాకా చూశారు. అప్పుడు సెవెరీను అన్నాడు: "ఈ ఏడాది వానలు బాగా పడ్డట్టున్నాయిరా. మన బ్రాశ్ ఎదిగాడు."

అంతే, నవ్వులు. ఒకడు వెళ్ళి బొమ్మ పక్కన నిలబడి భుజానికి భుజం ఆనించాడు. సరిపోయింది. "ఇక మోచెయ్యి దించక్కర్లేదు నాకు. వీణ్ణి వరసలో పెట్టుకుందాం, వాణ్ణి గుమ్మం పక్కన నిలబెడదాం."

బ్రాశ్ భార్య లెయొకాదియా బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది. మొగుడి కన్నా అరజాన పొడుగావిడ. "పెళ్ళినాడు ఇలా ఉండుంటే మడమల్లేని చెప్పులతో చర్చికి పోయేదాన్ని కాదు కదా," అంది. నవ్వుతూనే అంది గాని శాలువా కొసతో కళ్ళు ఒత్తుకుంది. "మంచి పని చేశావమ్మా. నా కళ్ళకి ఎప్పుడూ ఇంతే ఉన్నాడు."

బ్రాశ్ మాత్రం పాదాల దగ్గర మొదలుపెట్టాడు. ఎడమ మడమ చూశాడు, నడుం పట్టీ చూశాడు. భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాడు. చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది. ఎత్తి, వేసి, తీసేశాడు.

"బాగుంది మేస్త్రమ్మా. ఎవడో గాని మంచివాడిలా ఉన్నాడు," అన్నాడు.

ఆ సాయంత్రం ఎర్మెలిందా బజారు కర్ర తీసుకుని బొమ్మని కొలిచింది. ఏడు జానలూ, పైన ముప్పాతిక జానకి కాస్త తక్కువ. కర్ర పట్టుకుని స్తంభం దగ్గరికి వెళ్ళి బొగ్గు గీతని కొలిచింది. అదీ అంతే.

"అన్నయ్యా, ఈ గీత ఏంటి?"

"బ్రాశ్ ఎత్తు."

"బ్రాశ్ ఏడు జానలు."

"మట్టి వాటా కలిపి గీశా. చేసేది నిలువెత్తు బొమ్మ కదా, మళ్ళీ నువ్వు లెక్కలు వేసుకుంటావేమోనని."

"నేను జానలు లెక్కపెట్టకుండా గీతని నమ్మాను. ఈ గీత ఎత్తు తాడు తీసుకుని, మట్టి కర్ర లెక్కన దాన్ని పదో వంతు సాగదీసి లేపాను."

కుస్తోదియు బెంచీ మీద కూలబడ్డాడు. "అంటే నువ్వూ కలిపావు."

"నేనూ కలిపాను."

"నేను కలిపానని చెప్పాల్సింది."

"నేను అడగాల్సింది. ఈ ఇంట్లో ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?"

అదే మరి. మట్టి వాటా సంగతి ఆ ఇంట్లో నోటితో మాట్లాడుకునేది కాదు. ఎవరి చెయ్యి ముందు తగిలితే ఆ చెయ్యి కలిపేది, రెండో చెయ్యి దాన్ని చూసి గ్రహించేది. జానెడు బొమ్మల్లో పొరపాటు జరిగినా వేలి మందం తేడా, ఎవరికీ కనపడదు. నిలువెత్తు మనిషిలో అది ఇచ్చిన మాటని తినేసింది.

మర్నాడు సెవెరీను బండి తీసుకుని బొమ్మ కోసం వచ్చాడు.

"ఇవ్వను. పగలగొట్టి మళ్ళీ చేస్తాను," అంది ఎర్మెలిందా.

అతను వేళాకోళమనుకున్నాడు. కాదని తెలిశాక ముఖం ఎర్రబడింది. "ఏమొచ్చింది నీకు? అందరికీ నచ్చింది. వాడి పెళ్ళాం ఏడ్చింది. ఇలాంటి బొమ్మ నువ్వు జన్మలో చెయ్యలేదు."

"చెయ్యలేదు, నిజమే."

"మరి?"

"కొలత తప్పింది. నా తప్పు. మీరు అడిగింది బ్రాశ్‌ని. ఇది బ్రాశ్ కాదు."

"తప్పని నువ్వు చెప్తే గదా తెలిసేది. గౌరవించి ఎత్తు చేశావని అంతా మెచ్చుకుంటున్నారు. ఊరుకో."

"ఆ మెప్పే బాబాయికి అక్కర్లేదు. ఆయనకున్న ఎత్తుకి నేనే సిగ్గుపడ్డానని అర్థం దానికి."

"పొగరు నీకు," అన్నాడు సెవెరీను.

"ఉంది," అంది ఎర్మెలిందా.

"సెప్టెంబరుకి తొమ్మిది వారాలు. గుమ్మం పక్కన ఖాళీ పీట పెడతామా?"

"అప్పటికి చెయ్యలేకపోతే ఆ పీట మీద నేనే నిలబడతాను, అందరూ వచ్చి చూసిపోండి."

కుస్తోదియు బట్టీ నోటి దగ్గర బూడిద తోడుతూ అంతా విన్నాడు. తన పేరు వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. అప్పుడూ రాలేదు, తరవాతా రాలేదు. బండి వెళ్ళిపోయాక ఎర్మెలిందాతో కలిసి బొమ్మని నేల మీద పడుకోబెట్టాడు. పెద్ద సుత్తి తెచ్చి చెల్లెలికి ఇచ్చి, తను వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఎర్మెలిందా కట్టినట్టే పగలగొట్టింది, పాదాలతో మొదలుపెట్టి. డొల్ల లోపల తన వేలి ముద్రలు వరసలు వరసలుగా బయటపడ్డాయి. లెయొకాదియా పరుగెత్తుకొచ్చేసరికి భుజాల దాకా అయిపోయింది.

"తలన్నా నాకివ్వవే. మా ఇంట్లో పెట్టుకుంటాను."

"తల కూడా పెద్దదే పిన్నీ. ఇంకెవరి తలో మీ ఇంట్లో ఎందుకు?"

కాలిన మట్టి వృథా పోదు. దంచి, జల్లించి, పచ్చి మట్టిలో కలిపితే పెద్ద బొమ్మకి ఎముకలా పనిచేస్తుంది, త్వరగా ఆరుతుంది కూడా. ఉన్నది తొమ్మిది వారాలే. వేరే దారి లేదు. కుస్తోదియు తిరిగొచ్చి, ఎవరూ చెప్పకుండానే రోలు ముందు కూర్చున్నాడు. వారం రోజులు దంచాడు. మూడో రోజు బ్రాశ్ వచ్చి ఇంకో రోకలి అందుకున్నాడు.

"నీకెందుకు బాబాయ్?"

"ఈ పొడుగోడు నా మీద గెలవబోయాడు. ఒక దెబ్బ నేనూ వెయ్యాలి." ఇంకాసేపు దంచి, "గట్టివాడే," అన్నాడు.

కష్టం ఇంకోచోట వచ్చింది. పొడి కలిసిన మట్టి మునుపటిలా కుంచించుకోదు. తాతల నాటి మట్టి కర్ర దానికి చెల్లదు. ఎర్మెలిందా కొత్త మట్టితో ఆరు పట్టీలు చేసి, ఒక్కోదాని మీద జానెడు గీసి, ఎండబెట్టి, చిన్న బట్టీలో కాల్పించింది. పదో వంతు కాదు, పదహారో వంతు పోయింది. ఆరింటికీ అంతే. ఆ లెక్కన కొత్త కర్ర గీసింది. గీసి అన్న ముందు పెట్టింది.

"బ్రాశ్ ఎంత?" అంది.

"ఏడు జానలు."

"వాటా ఎవరు కలుపుతున్నారు?"

"నువ్వు."

"నువ్వు?"

"నేను కలపట్లేదు."

ఆ తరవాత వాళ్ళు చచ్చేదాకా, జానెడు బొమ్మకైనా సరే, పని మొదలుపెట్టే ముందు ఈ నాలుగు మాటలూ అనుకోకుండా మట్టి ముట్టుకోలేదు.

రెండో బ్రాశ్ వేరేగా వచ్చాడు. అవే బూట్లు, అదే నడక. కాని రోకలి పట్టుకున్న బ్రాశ్‌ని నాలుగైదు రోజులు దగ్గర్నుంచి చూసింది కదా. పొట్టివాడు పొడుగువాళ్ళ మధ్య నడిచి నడిచి, వీపుని ఎంత నిటారుగా పెట్టుకున్నాడో అప్పుడు ఆవిడ కంటపడింది. మొదటి బొమ్మలో ఆ నిటారు లేదు. ఎత్తున్న మనిషికి దానితో పని లేదు. ఇప్పుడు అదే బొమ్మంతా అయింది. రెండు మోచేతుల్నీ పక్కకి వంచి పెట్టింది, ఎవరైనా చెయ్యి గుచ్చడానికి వీలుగా. ముఖం ఆఖరి పూట పెట్టింది. మొదటిదాని కన్నా ముసలి ముఖం వచ్చింది. కుస్తోదియు దగ్గరుండి కాల్చాడు. నిప్పుని అంత నెమ్మదిగా ఎప్పుడూ లేపలేదు.

సెప్టెంబరు ఆదివారం, మధ్యాహ్నం ఎండ తగ్గాక, సంఘం గుమ్మం పక్కన పీట లేకుండా నేల మీదే నిలబెట్టారు బొమ్మని. పీట వద్దంది ఎర్మెలిందానే. పీట వేస్తే కొలత మళ్ళీ పోతుంది. మీద దుప్పటి కప్పారు. వీధంతా జనం. గొర్రె జున్ను, ఆలివ్ కాయలు, సారా కూజాలు బల్లల మీద సర్ది ఉన్నాయి. ఎర్మెలిందా మట్టి అంటిన ఎప్పటి బట్టలతోనే వచ్చి, ఎదురింటి గోడకి ఆనుకుని నిలబడింది. పక్కన కుస్తోదియు.

వీధి మొగలోంచి వరసలు కదిలాయి. అడుగులో అడుగు. గుమ్మం ముందుకొచ్చి ఆగాయి. సెవెరీను దుప్పటి లాగాడు.

ఈసారి నవ్వులు లేవు. జనంలో ఎవరో, బహుశా రొట్టెల బట్టీ ఆయన, "వీడు మన బ్రాశే," అన్నాడు, పక్కవాడికి మాత్రమే చెప్పినట్టు. లెయొకాదియా బొమ్మని చూసి, మొగుణ్ణి చూసి, మళ్ళీ బొమ్మని చూసింది. "ఔను, ఇంతే," అంది.

బ్రాశ్ వరసలోంచి చేతులు విడిపించుకుని బయటికొచ్చాడు. బొమ్మ పక్కకి వెళ్ళి జనం వైపు తిరిగి నిలబడ్డాడు. వంగిన మోచేతిలోకి తన చెయ్యి గుచ్చాడు. పైకెత్తలేదు, దించలేదు. భుజం భుజానికి ఆనింది. టోపీ తీశాక రెండు తలల మీదుగా కర్ర వేసి చూసినా వంగేది కాదు.

సెవెరీను గొంతు సవరించుకున్నాడు. ఆ మాట అంటానని ఎవరితోనూ చెప్పలేదు, నలుగురిలో అన్నాడు: "నేను ఒకావిణ్ణి పొగరన్నాను. ఆ పొగరు లేకపోతే ఇవాళ మన గుమ్మంలో వేరే ఎవడో నిలబడేవాడు. మేస్త్రమ్మా, ముందుకి రా."

అందరూ ఎదురింటి గోడ వైపు తిరిగారు. కుస్తోదియు ఒక్కడే ఉన్నాడు.

"ఇప్పుడే ఉందే," అన్నాడు అతను. తనూ పక్కకి తిరిగి చూశాడు. "భుజాలు కలవగానే ఊఁ అంది. అంతే."

గుమ్మం దగ్గర నిలబడ్డ బ్రాశ్‌కి మాత్రం జనం సందులోంచి వీధి చివర దాకా కనపడుతోంది. ఎర్మెలిందా చేతులు వెనక్కి కట్టుకుని, తొందర లేకుండా, ఇంటి వైపు నడిచి పోతోంది. పిలుద్దామా అనుకున్నాడు. ఇంతలో వెనక వరసలోంచి బొంగురు గొంతు పాట ఎత్తుకుంది. అది సగానికి వచ్చేదాకా ఆగి, బొమ్మ మోచేతిలోంచి చెయ్యి తియ్యకుండానే, బ్రాశ్ పైనుంచి అందుకున్నాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. మలుపు తిరిగి వెళ్ళిపోయింది.